పత్రికలను చివరి నుంచి చదివిన మా అత్త

మా అత్త పోయిన సంగతి నాకు చర్చి సంఘంవాళ్ళు చెప్పలేదు. ఆమె గదికి ఎదురుగా ఇడ్లీ బండి పెట్టుకున్నావిడ ఫోన్ చేసి చెప్పింది. "పెద్దమ్మ ఇయ్యాల ఇడ్లీకి రాలేదు మ్మా. పిలిస్తే పలకలేదు. తలుపు ఊరికే దగ్గరికేసి ఉండాది. లోపలికి పోయి చూస్తే..." అని ఆగిపోయింది. నేను అడగకపోయినా, "మొగం బాగుండాది మ్మా. నిద్రపోతా ఉన్నట్టే ఉండాది" అంది. ఆ రోజు నేను విన్న మాటల్లో మంచి మాట అదొక్కటే.

తిరుపతిలో బస్సెక్కి నేను చిత్తూరు చేరేసరికి వీధి మలుపులో ఫ్లెక్సీ కట్టేసి ఉంది. అత్త బొమ్మను ఏదో సంఘ వార్షికోత్సవం ఫోటోలోంచి కత్తిరించారు. ఆమె భుజం పక్కన ఎవరిదో మోచెయ్యి అట్లాగే మిగిలిపోయింది. కింద పాస్టరు గారు, సంఘ కార్యదర్శి, కమిటీ పెద్దలు చేతులు జోడించి వరసగా నిలబడ్డారు. వాళ్ళ బొమ్మలు అత్త బొమ్మకంటే స్పష్టంగా ఉన్నాయి. బతికుండగా ఆమెను నోరు తెరవనివ్వని వాళ్ళందరూ ఆమె పేరు కింద నిలబడి ఉండడం చూస్తే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఈ నాలుగు మాటలూ ఆ కోపంతోనే రాస్తున్నాను. చదివేవాళ్ళను మన్నించమని కూడా అడగను.

అత్త మా నాయనకు అక్క. పెళ్ళయిన కొద్దికాలానికే మామ జబ్బు చేసి పోయాడు. పిల్లలు లేరు. మా తాత ఆమెను ఇంట్లో మూల కూర్చోపెట్టకుండా మిషన్ వాళ్ళ దగ్గర శిక్షణకు పంపాడు. అక్కడి నుంచి ఆమె బైబిలు స్త్రీగా తిరిగి వచ్చింది. అది ఒక ఉద్యోగం. చిత్తూరు చుట్టుపక్కల పల్లెలు తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పాలి, చదువు రానివాళ్ళకు చదివి వినిపించాలి, జబ్బు పడ్డవాళ్ళ మంచం పక్కన కూర్చోవాలి. సంఘం ఆవరణలో ఒక గది ఇచ్చారు. ఆ గదిలోనే ఆమె వయసంతా గడిచింది.

అత్తకు పత్రికలంటే ప్రాణం. బయటివాళ్ళకు పత్రిక అంటే పొద్దున వచ్చే పేపరు. తొలినాళ్ళలో క్రీస్తు సువార్త చాటుతూ తిరిగిన అపొస్తలుడు సంఘాలకూ, తనతో పనిచేసినవాళ్ళకూ రాసిన ఉత్తరాలను మేము పత్రికలంటాం. గుడిలో, అంటే మా చర్చిలో, వాటిని అందరూ మొదటి అధ్యాయం నుంచి చదువుతారు. అత్త చివరి నుంచి చదివేది.

నా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆమె వెంట పల్లెలకు పోయేదాన్ని. ఒక ఊళ్ళో ఆడవాళ్ళు వసారాలో కూర్చొని చింతకాయలు కొట్టి గింజలు తీస్తున్నారు. అత్త వాళ్ళ మధ్య పీట వేసుకొని, కళ్ళజోడు తుడుచుకొని, "యాడి నుంచి చదవను?" అని అడిగింది.

"మొదటి నుంచే చదువమ్మా" అన్నారు వాళ్ళు.

"మీ మనిషి బెంగుళూరు నుంచి ఉత్తరం రాస్తే ముందు ఏం చూస్తారు? ఆడ వాన పడిందా లేదా అనా? నన్ను అడిగినాడా లేదా అనే గదా?"

అందరూ నవ్వారు. అత్త రోమా సంఘానికి రాసిన పత్రిక చివరి అధ్యాయం తీసి, అందులో అపొస్తలుడు వందనాలు చెప్పిన పేర్లన్నీ ఒక్కొక్కటిగా చదివింది. వాటిలో ఆడవాళ్ళ పేర్లూ చాలా ఉన్నాయి. ఒక పేరు దగ్గర ఆగింది. "ఈమె ఎవురో మనకు తెలీదు. ఎంత అందగత్తెనో, ఎవురి పెండ్లామో ఆయన రాయలేదు. కష్టపడింది అని రాసినాడు. అంతే. ఇన్ని వందల ఏండ్ల తర్వాత మనం ఈడ కూర్చొని చింతపండు తీసుకుంటా ఆమె పడిన కష్టాన్ని తలుచుకుంటా ఉండాం." తర్వాత, ఆ పెద్ద పత్రికను రోమా దాకా మోసుకుపోయింది కూడా ఒక ఆడమనిషేనని చెప్పింది.

"నడిచేనా?" అని ఒక ముసలామె అడిగింది.

"ఓడ ఎక్కింటాది, నడిచింటాది. చెప్పులు తెగింటాయి" అంది అత్త.

నేను తర్వాత బడిపంతులమ్మనయ్యాను. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు వాళ్ళకు కావలసింది ఏ మూల ఉందో వెతికి అక్కడి నుంచి మొదలుపెట్టడం నాకు శిక్షణ కళాశాలలో ఎవరూ నేర్పలేదు. ఆ చింతకాయల దగ్గర నేర్చుకున్నాను.

ఆమె నెమ్మదైన మనిషేమీ కాదు. కాఫీలో డికాక్షన్ తక్కువైతే గ్లాసు పక్కన పెట్టేసి ముఖం తిప్పుకునేది. ప్రార్థన మొదలుపెడితే ఊరిలో వాళ్ళందరి పేర్లూ వరసగా చెప్పుకుంటూ పోయేది, పొయ్యి మీద పులుసు మాడిపోయినా లేచేది కాదు. ఎవరైనా అపొస్తలుణ్ణి మరీ ఆకాశానికెత్తి మాట్లాడితే ఆమెకు నచ్చేది కాదు. "ఆయప్ప దేవదూత కాదు. కాళ్ళు నొచ్చే మనిషి. జైల్లో సలికి వణికిన మనిషి" అనేది.

ఉద్యోగం నుంచి విరమించాక కూడా శుక్రవారం స్త్రీల కూడికలో ధ్యానం, అంటే వాక్యం చదివి దాని అర్థం, చెప్పేది ఆమే. పాత పాస్టరు గారు ఉన్నంతకాలం దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆయన బదిలీ అయి కొత్తాయన వచ్చాడు. వయసులో చాలా చిన్నవాడు. ఆయన తల్లికి అక్షరాలు దిద్దించింది మా అత్తే. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

జరిగినది ఇది. సంఘ కార్యదర్శి ఇంట్లో పనికి ఒక అమ్మాయి ఉండేది. మా సంఘపు పేద కుటుంబంలోని పిల్లే, ఇరవై ఏళ్ళు దాటి ఉంటాయి. ఒక సాయంత్రం చేతిలో సంచితో అత్త గదికి వచ్చింది. చెంప వాచి ఉంది. గోడకానుకొని కూర్చుంది. ఏమైందని అత్త అడగలేదు. అన్నం పెట్టి, చాప వేసింది. బడి సెలవులని నేను ఆ వారమంతా అక్కడే ఉన్నాను.

మరునాడు కార్యదర్శి పాస్టరు గారిని వెంటబెట్టుకొని వచ్చాడు. అత్త ఇద్దరికీ కుర్చీలు వేసి కాఫీ ఇచ్చింది.

"ఆ పిల్లని పంపించమ్మా. ఇంట్లో పని నిలిచిపోయింది" అన్నాడు కార్యదర్శి.

"పంపించేదానికి నేనెవుర్ని నాయనా? కాళ్ళు ఆమెవి. వస్తానంటే వస్తాది. ఒక మాట అడగతా. వస్తే యాడ కూర్చోబెట్టి అన్నం పెడతావు?"

"పనిమనిషి యాడ తినాల్నో ఆడ తింటాది. ఇదేం ప్రశ్న?"

"వెనకాల మెట్ల మీదనే గదా? అట్లయితే ఆమె రాదు" అంది అత్త.

పాస్టరు గారు కాఫీ అంతా తాగాడు. లేచి పోయేటప్పుడు, "పెద్దలతో పెట్టుకోవద్దమ్మా" అన్నాడు.

ఆ శుక్రవారం స్త్రీల కూడికలో అత్త ఎన్నుకున్నది అన్నిటికంటే చిన్న పత్రిక. ఒక ఇంటి నుంచి పారిపోయిన దాసుణ్ణి తిరిగి పంపుతూ, వీణ్ణి దాసుడిగా కాదు, సొంత తమ్ముడిగా చేర్చుకోమని అపొస్తలుడు ఆ యజమానికి రాసిన ఉత్తరం. అత్త ఎవరి పేరూ ఎత్తలేదు. ఇంతే చెప్పింది: "ఆ యజమాని చెడ్డోడని రాయలేదు. భక్తిపరుడే. ఆ కాలంలో సంఘం కూడేది ఆయన ఇంట్లోనే. పాటలు పాడిందీ ఆ ఇంట్లోనే, ఆ మనిషి పారిపోయిందీ ఆ ఇంట్లో నుంచే. ఈ రెండూ ఒక్క ఇంట్లో ఎట్ల జరిగినాయా అని మీరు ఇంటికి పోయి యోచన చేయండి." కార్యదర్శి భార్య ముందు వరసలోనే కూర్చొని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తల వంచుకుంది.

ఆదివారం పాస్టరు గారు ప్రసంగ పీఠం ఎక్కి, స్త్రీలు సంఘములో మౌనముగా ఉండవలెనన్న మాట తీసి చదివాడు. ఆ మాటా పత్రికల్లోదే. ఒకసారి చదివి, కళ్ళజోడు సర్దుకొని, మళ్ళీ చదివాడు. ఇకనుంచి స్త్రీల కూడికలో ధ్యానం తానే చెప్తానని ప్రకటించాడు. నేను లేచి నిలబడ్డాను. "అయ్యగారూ, అదే అపొస్తలుడు ఇంకో పత్రిక చివర రాసిన ఆడవాళ్ళ పేర్లు కూడా చదవండి" అన్నాను. గుడి అంతా గుసగుసలు. అత్త నా చెయ్యి పట్టి కిందికి లాగింది. "కూర్చో పాపా" అంది.

బయటికి వచ్చాక దారిలో ఆమెను నిలదీశాను. ఎందుకు కూర్చోమన్నావని.

"నువ్వు తిరుపతి మనిషివి. ఈ సంఘంలో నువ్వు లేచేది లేచినట్టు కాదు. నేను ఈడోళ్ళు ఎవురన్నా లేస్తారేమో అని చూస్తా ఉన్నా. ఒక్కొక్కరి మొగమూ చూసినా. నేను పురుళ్ళకి పోయినోళ్ళు, నేను సదువు చెప్పినోళ్ళు, అందరూ ఉండారు. ఎవురూ లేయలా."

"ఆయన చదివిన మాటకు నీ దగ్గర జవాబు లేదా అత్తా?"

నడుస్తూనే చెప్పింది. "ఆ మాట లేదని నేను చెప్పలేను పాపా. ఉండాది. నేను దాన్ని చదవలేదనుకుంటివా? ఇన్నేండ్లూ దాన్ని మింగలేక, ఉమ్మలేక ఉండాను. ఆయన కొత్తగా నాకు చూపించేదేం లేదు."

ఆ తర్వాత గది పోయింది. మరమ్మతు చేయాలి, కొన్నాళ్ళు ఎక్కడైనా ఉండండి అన్నారు. ఆమె బయట ఒక గది బాడుగకు తీసుకుంది. పాత గదికి తాళం వేశారు. మరమ్మతు ఇప్పటికీ జరగలేదు. మొదట్లో కొందరు ఆడవాళ్ళు శుక్రవారాలు ఆ బాడుగ గదికి వచ్చేవాళ్ళు. ఒకామె మొగుడు తిట్టాడని మానేసింది. ఒకామె కూతురి పెళ్ళి పాస్టరు గారు చేయాలి కాబట్టి మానేసింది. చివరికి ఎవరూ రాలేదు. అత్త మాత్రం ప్రతి ఆదివారం గుడికి పోయి ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చునేది. కానీ పాట పాడేది కాదు. అంత మంచి గొంతున్న మనిషి పెదవులు బిగించి కూర్చుంటే గుడిలో అందరికీ తెలిసేది. అదే ఆమె చేసిన ఎదురుతిరుగుడు.

"వాళ్ళను క్షమించినావా?" అని ఒకసారి అడిగాను.

"ప్రతి సోమవారం క్షమిస్తా. మళ్ళా ఆదివారానికి మొదటికొస్తాది" అంది. తర్వాత అపొస్తలుడి ఆఖరి పత్రిక తీసి చూపించింది. తన వెంట ఉన్నవాడు ఒకడు లోకాన్ని ప్రేమించి తనను విడిచిపెట్టి పోయాడని ఆయన పేరు పెట్టి మరీ రాశాడు. విచారణ రోజున తన పక్కన ఒక్కరూ నిలబడలేదని కూడా రాశాడు. "ఆయనకి కోపం రాలేదని ఎవురన్నా చెప్తే నమ్మొద్దు. వాళ్ళ మీద నేరం ఉండకూడదు అని దేవుణ్ణి అడిగినాడు, నిజమే. ముందు మాత్రం జరిగింది జరిగినట్టు రాసినాడు. దాన్ని కొట్టేయలా."

ఈ రాతకు నాకు ధైర్యం ఇచ్చింది ఆ మాటే.

ఆమె దగ్గరకు వచ్చిన అమ్మాయికి ఊరి బయట మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని దొరికింది. సీజనులో వందల మంది ఆడవాళ్ళు అక్కడ తోతాపురి కాయలు కడిగి కోస్తుంటారు. మా సంఘం వాళ్ళు, పక్క ఊళ్ళ సంఘాల వాళ్ళు కొందరు ఉన్నారు. సీజనులో వాళ్ళకు ఆదివారం సెలవు ఉండదు. ఆ అమ్మాయి అడిగిందని అత్త వారానికొకసారి షేర్ ఆటో ఎక్కి పోయి, మధ్యాహ్నం అన్నం వేళ గోడ నీడలో వాళ్ళతో కూర్చొని పత్రికలు చదివి చెప్పేది. ఒకసారి నేనూ పోయాను.

ఆ రోజు కూడా ఆఖరి పత్రికే. చెరసాలలో ఉన్న అపొస్తలుడు తన తోటి పనివాడికి, ఫలానా ఊళ్ళో ఒకరి ఇంట్లో నా అంగీ వదిలిపెట్టాను, వచ్చేటప్పుడు తీసుకురా, చలికాలం రాకముందే రా, అని రాసిన చోటు. ఆ ఆడవాళ్ళ చేతుల నిండా మామిడి సొన పొక్కులు. అన్నం కలుపుకుంటూ వింటున్నారు. ఒకామె అడిగింది. "ఆయప్పకి ఆ అంగీ చేరిందా?"

"రాయలా" అంది అత్త.

"చేరకముందే చంపేసింటారు" అంది కార్యదర్శి ఇంటి నుంచి వచ్చేసిన అమ్మాయి.

వేరే ఎవరైనా అయితే ఏదో ఒక ఓదార్పు మాట చెప్పేవాళ్ళు. పరలోకంలో మహిమ వస్త్రం దొరికిందనో, మరొకటో. అత్త పుస్తకం ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు ఆ అమ్మాయి ముఖంలోకి చూసింది. "అట్లే అయింటాది మ్మా" అంది. అంతకంటే ఏమీ చెప్పలేదు. నేను విన్న ధ్యానాలన్నిటిలోనూ నాకు గుర్తున్నది అదొక్కటే.

సమాధి తోటలో పాస్టరు గారు చాలాసేపు మాట్లాడాడు. కార్యదర్శి మాట్లాడాడు. కుటుంబం తరఫున రెండు మాటలు చెప్పమంటే నేను ముందుకు కదిలాను. పాస్టరు గారు మైకును నా మీదుగా దాటించి, మద్రాసు నుంచి ఆ పొద్దునే దిగిన మా తమ్ముడి చేతికిచ్చాడు. వాడు అత్తను చూసి ఏళ్ళయింది. పాపం, వాడి తప్పేమీ లేదు, ఏం చెప్పాలో తెలియక తడబడ్డాడు. "మా అత్త శానా నెమ్మదైన మనిషి. జీవితంలో ఎవురికీ ఎదురు చెప్పలేదు" అన్నాడు. అందరూ తలలూపారు. ఆమేన్ అన్నారు.

మట్టి వేసే వేళ కార్యదర్శి భార్య నా పక్కకు వచ్చింది. చాలా బలహీనపడింది. నా వైపు చూడకుండానే, "ఆ శుక్రవారం ఆమె చెప్పింది నా గురించే గదా?" అంది.

అవునన్నాను. ఆమె పిడికిట్లో మట్టి అట్లాగే పట్టుకొని నిలబడిపోయింది. నేను ఇంకో మాట చెప్పి ఆమె బరువు తగ్గించలేదు. నాకు ఇష్టం లేకపోయింది.

ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఎవరూ సమాధికి రాలేదు. వాళ్ళకు కబురే అందలేదు. అందుకని తిరుపతికి బస్సెక్కే ముందు నేను ఆటోలో అక్కడికి పోయాను. అన్నం వేళకు వాళ్ళు గోడ నీడకు వచ్చారు. చెప్పాను. ఒకామె తట్టుకోలేక అక్కడే కూలబడింది. ఆ అమ్మాయి ఏడవలేదు. చేతులు లంగా ఓణీకి తుడుచుకుంటూ నిలబడింది.

"ఎవురెవురు మాట్లాడినారక్కా?" అని అడిగింది.

చెప్పాను. మా తమ్ముడు ఏమన్నాడో కూడా చెప్పాను.

"ఎవురికీ ఎదురు చెప్పలేదా?" అని ఆ అమ్మాయి నా ముఖంలోకి చూసింది. నేను తలూపాను. ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసి, ఆపుకోలేక నవ్వింది. పక్కనామె నవ్వింది. కూలబడిన ఆమె కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. కాసేపటికి ఆ గోడ పొడుగునా అందరూ నవ్వుతున్నారు, నాకూ ఆగలేదు. అత్త పోయాక నాకు మొదటిసారి కన్నీళ్ళు వచ్చింది అప్పుడే. ఇంతలో సైరను మోగింది. సూపర్‌వైజరు తలుపు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. వాళ్ళు డబ్బాలు మూసుకొని లోపలికి పోయారు.

బయట రోడ్డు పొడవునా కాయల ట్రాక్టర్లు నిలిచిపోయి ఉన్నాయి. తోతాపురి ఎక్కువైపోయి ఫ్యాక్టరీ వాళ్ళు తీసుకోవడం ఆపేశారట. ఎండకు కాయలు మెత్తబడి, కింది వరస నుంచి రసం కారి తారు మీద చారలు కట్టింది. ఈగలు. తియ్యటి పులిసిన వాసన. ఒక రైతు ట్రాక్టరు మీద నిలబడి కుళ్ళినవి ఏరి రోడ్డు పక్కకు విసురుతున్నాడు. గేటులోంచి వస్తున్న నన్ను చూసి చెయ్యూపాడు.

"లోపల నుంచేనా వస్తా ఉండావు మ్మా? గేటు ఎప్పుడు తీస్తారంట?"

"తెలీదప్పా" అన్నాను.

ఆయన కాసేపు గేటు వైపు చూసి మళ్ళీ వంగి కాయలు ఏరడం మొదలుపెట్టాడు. నా ఆటో ఇంకా రాలేదు. ఆ ట్రాక్టరు నీడలో నిలబడ్డాను. ఆయన విసిరిన కాయలు ఒక్కొక్కటి నా ముందు నుంచి పోయి గుంతలో పడుతున్నాయి. అన్నీ కుళ్ళినవి కావు. మంచివి కూడా ఉన్నాయి.